మీటా, తేదీయా: ‘పుట్ ఆఫ్’ అనే క్రియ మీద ఒక కేస్ స్టడీ

పర్లాకిమిడిలో ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక ఉద్యోగిని విషయం. ఆమె పేరు, పనిచేసే సంస్థ, అక్కడ అమ్మే సరుకు వదిలేశాను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. రోజువారీ ఇంగ్లీషులో అతి మామూలుగా వినిపించే ‘పుట్ ఆఫ్’ అనే క్రియ దగ్గర ఆమెకు చిక్కు వచ్చింది. పైకి చూస్తే అది మాట తెలియకపోవడం వల్ల వచ్చిన తప్పులాగే ఉంది. నిజానికి ఆ మాట ఆమెకు చిన్నప్పటి నుంచి బాగా తెలుసు, అయితే వేరే అర్థంలో. తెలియని మాటను నేర్పే పద్ధతి ఒకటి, ఇదివరకే స్థిరపడిపోయిన మాటకు కొత్త అర్థం చేర్చే పద్ధతి మరొకటి. ఈ తేడా తేల్చుకోకుండా మొదలుపెట్టిన పాఠాలు ఎందుకు నిలవవో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది కాబట్టి దీన్ని నమోదు చేస్తున్నాను.

నేపథ్యం

ఈ ఊరు 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలో చేరింది. 1992లో గజపతి జిల్లాకు కేంద్రమైంది. పొలిమేర దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలోనూ ఆఫీసుల్లోనూ ఒడియా, కొండ గ్రామాల నుంచి సంతకు వచ్చేవారితో సవర, దూరపు కంపెనీలతో ఇంగ్లీషు: ఇక్కడి చాలామందికి ఒక్క రోజులోనే ఇన్ని భాషలతో పని పడుతుంది. ఆమెదీ అదే స్థితి. ఇంటి భాష తెలుగు, చదువంతా ఒడియా మాధ్యమంలో. తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని చదవడం మాత్రం కూడబలుక్కుంటూనే. పెద్దయ్యాక ఇంట్లో నేర్చుకున్న లిపి అది. ఒడియా పత్రికను మాత్రం నేను తెలుగు పత్రిక చదివినంత వేగంగా చదివేస్తుంది. ఈ సంగతి అప్పటికి చిన్నదే అనిపించినా, చివరికి పనిచేసిన పద్ధతి దీని మీదే ఆధారపడింది.

ఆమె ఒక టోకు వ్యాపార సంస్థలో ఆర్డర్లు, బిల్లులు చూస్తుంది. కలకత్తా, బెంగళూరు వైపు సరఫరాదారులతో ఫోనులోనూ వాట్సాప్‌లోనూ ఇంగ్లీషులోనే వ్యవహారం. బడి ఇంగ్లీషు వ్యాకరణం గట్టిగా ఉంది. ఉత్తరం రాయమంటే ఇబ్బంది లేకుండా రాస్తుంది. పొట్టి పొట్టి క్రియలతో నడిచే వ్యవహార భాష దగ్గరే తడబాటు.

ఎదురైన సమస్య

ఆమె నా దగ్గరకు రావడానికి ముందు రెండు సంఘటనలు జరిగాయి. మొదటిదానిలో సరఫరాదారు ఫోను చేసి, మీ కన్‌సైన్‌మెంట్ ‘హాజ్ బీన్ పుట్ ఆఫ్’ (తర్వాతి తేదీకి మార్చాం) అని చెప్పి, వివరాలు తర్వాత పంపుతామన్నాడు. సరుకు రావడం ఆగిపోయిందని ఆమె షావుకారుకి చెప్పింది. ఆయన ఇక రాదనుకుని ఎక్కువ ధర పెట్టి దగ్గర్లోని మరో వ్యాపారి దగ్గర కొన్నాడు. కొద్ది రోజులకు అసలు సరుకు కూడా లారీలో దిగింది.

రెండోది దీనికి సరిగ్గా ఎదురుదిశలో నడిచింది. ఒక ఆర్డరు అక్కర్లేదని షావుకారు చెప్పగా ఆమె సరఫరాదారుకి ‘ప్లీజ్ పుట్ ఆఫ్ అవర్ లాస్ట్ ఆర్డర్’ అని సందేశం పంపింది. రద్దు చేయమని చెప్పానని ఆమె అనుకుంది. కొన్నాళ్లు ఆగి పంపమన్నారని అవతలివారు అనుకున్నారు. సరుకు పంపారు, బిల్లూ పంపారు. ఆ డబ్బు విషయం ఎలా తేలిందో ఇక్కడ అవసరం లేదు. ఆమెకు మాత్రం ఇంగ్లీషు సందేశం కనిపిస్తేనే గుండె దడ మొదలైంది. ప్రతి సందేశాన్నీ పక్క కొట్టు కుర్రాడికి చూపించి నిర్ధారించుకునే స్థితికి వచ్చింది.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడటమే ఈ కేసులో మొదటి మలుపు. మాట తెలియనివారు వినేటప్పుడు ఒకలాగా, రాసేటప్పుడు ఇంకోలాగా పొరబడతారు; అసలు తెలియని క్రియను తమంతట తాము రాయరు కూడా. ఈమె విన్నప్పుడూ ‘ఆపేయడం’ అనే అర్థమే తీసుకుంది, రాసినప్పుడూ అదే అర్థంలో వాడింది. తప్పు రెండు వైపులా ఒకేలా ఉందంటే లోపల ఒక నియమం పనిచేస్తోందన్న మాట.

దాన్ని పరీక్షించడానికి కొన్ని వాక్యాలు చదివి, అర్థాన్ని తెలుగులో గాని ఒడియాలో గాని ఏది ముందు నోటికి వస్తే అందులో చెప్పమన్నాను. ‘ప్లీజ్ పుట్ ఆఫ్ ది ఫ్యాన్’ అంటే ఫ్యాను ఆపెయ్యండి అంది. ‘ది మ్యాచ్ వాజ్ పుట్ ఆఫ్’ అంటే మ్యాచ్ ఆపేశారు అంది. రెండింటికీ ఒకే వేగం, తడుముకోవడం లేదు. అదే ‘పుట్ అప్ విత్’ ఉన్న వాక్యం చదివితే ఆగి, అర్థం కాలేదని ఒప్పుకుంది. తెలియనిచోట ఆగే మనిషి ‘పుట్ ఆఫ్’ దగ్గర ఆగడం లేదు. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన జవాబులోనే రోగనిర్ధారణ అంతా ఉంది: “లైటు పుట్ ఆఫ్ చెయ్యమంటే ఆర్పెయ్యడమే కదా మాస్టారూ. మరి సరుకు పుట్ ఆఫ్ అంటే ఆపెయ్యడం ఎందుకు కాకూడదు?”

ఆమె తర్కంలో దోషం లేదు. దీపాన్నో ఫ్యానునో ‘పుట్ ఆఫ్’ చేయడమనే వాడుక మన దేశపు బడుల్లో, ఇళ్లలో బాగా పాతుకుపోయినదే; బ్రిటిష్ నిఘంటువుల్లోనూ దానికి చోటుంది. తరగతి గది వదిలి వెళ్లేటప్పుడు టీచరు చెప్పిన ఆ మాటను ఆమె ఏళ్ల తరబడి విన్నది, పాటించింది. ఆ అర్థం తప్పని చెప్పడానికి నాకు అధికారం లేదు. చెప్పినా అబద్ధమే అవుతుంది.

ముందు ప్రయత్నించినవి

మొదట ఎంచుకున్నది పట్టిక పద్ధతి. ‘పుట్’తో వచ్చే క్రియలన్నీ వరుసగా రాసి, పక్కన తెలుగు అర్థాలు ఇచ్చాను. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆమె పోటీ పరీక్షలకు చదివిన మనిషి. పట్టికలు కంఠస్థం చేయడం ఆమెకు అలవాటైన దారి, అడిగింది కూడా అదే. భయంతో వచ్చినవారికి ముందుగా పరిచయమున్న పద్ధతిలో ఒక చిన్న విజయం అందితే మంచిదని భావించాను. ఆ విజయం అందింది. కాగితం మీద అప్పజెప్పమంటే ఒక్కటీ తప్పలేదు. పనిలో పంపిన సందేశాల్లో మాత్రం ‘పుట్ ఆఫ్’ మునుపటిలాగే రద్దు అర్థంలోనే వచ్చింది.

ఎందుకు అలా జరిగిందో వెతికితే రెండు కారణాలు దొరికాయి. ఒకటి, ఒకే ధాతువుతో మొదలయ్యే క్రియలను ఒకేచోట పేర్చడం వల్ల అవి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. దీపం ఆర్పడానికి ‘పుట్ ఔట్’ కూడా ఉందని తెలిశాక ‘పుట్ ఆఫ్’తో దానికున్న చుట్టరికం ఆమె మనసులో ఇంకా బిగుసుకుంది. రెండో కారణం నేను ఊహించనిది. పట్టికలో ‘వాయిదా వేయు’ అని రాశాను. రోజంతా బిల్లులు చూసే మనిషికి వాయిదా అంటే డబ్బు కట్టే కిస్తు. ‘మూడు వాయిదాల్లో కడతాడు’ అన్నప్పుడు వచ్చే మాట. ఇంకోచోట ఆమె విన్నది కోర్టు వాయిదా. ఆర్డరు వాయిదా వేయడమంటే ఆమెకు ఏ బొమ్మా కనిపించలేదు. పుస్తకపు తెలుగు ఆమె తెలుగు కాదు. ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి వాడుక భాషలో చదువు చెప్పాలని జీవితమంతా వాదించారు, సవర నేర్చుకుని సవర పిల్లలకు వారి భాషలోనే చెప్పించారు. నేర్చుకునేవారి నోట్లో ఉన్న మాటనే ఆసరా చేసుకోవాలన్న ఆయన పట్టుదల ఇంగ్లీషు బోధనకూ అంతే వర్తిస్తుంది.

అప్పుడు ఆమె ఇంటి తెలుగులో ఈ భావానికి ఏమంటారో అడిగాను. “పెళ్లి జరిపారండి” అంది. ఇది మరీ ప్రమాదకరం. జరపడమంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదపడమూ అవుతుంది, కార్యం పూర్తి చేయడమూ అవుతుంది. పెళ్లి జరిపారంటే ముహూర్తం తర్వాతి రోజుకు తోశారా, తాళి కట్టించేశారా అన్నది వినేవాడి ఊహకే వదిలేయాలి. ‘వెనక్కి జరిపారు’ అంటే కొంత నయం గాని, తేదీ వెనక్కి జరగడమంటే ఆలస్యమా, ముందే రావడమా అన్న అనుమానం మళ్లీ మొదలవుతుంది. తెలుగులో ఒక్క మాట ఇచ్చి ఊరుకునే అవకాశం ఇక లేదని తేలింది.

రెండో ప్రయత్నం తప్పించుకునే దారి. ‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’ (రద్దు చేయడం) రెండూ మానేసి ‘పోస్ట్‌పోన్’, ‘క్యాన్సిల్’ అని మాత్రమే రాయమన్నాను. డబ్బుతో ముడిపడిన పని కాబట్టి ముందు నష్టం ఆపాలన్నది ఆలోచన. ప్రమాదం ఉన్నచోట ఇది ఇప్పటికీ సరైన తాత్కాలిక ఏర్పాటనే నా అభిప్రాయం. రాత వైపు సమస్య ఆ వారంలోనే ఆగింది కూడా. పరభాష నేర్చుకునేవారు ఇలాంటి జంట క్రియలను వదిలి ఒకే పదమైన క్రియను ఎంచుకోవడం కొత్త విషయం కాదు. 1985లో డాగుట్, లాఫర్ అనే పరిశోధకులు హీబ్రూ మాతృభాషగా గల విద్యార్థుల్లో ఈ ధోరణిని చూపించారు. తర్వాత 1989లో హల్‌స్టైన్, మార్చెనా డచ్చి విద్యార్థులను పరిశీలించినప్పుడు, సొంత భాషలో ఇలాంటి క్రియలు ఉన్నవారు కూడా నుడికారపు అర్థం ఉన్నచోట వెనకాడటం కనిపించింది.

అయితే మనం రాయడం మానేసినంత మాత్రాన అవతలివారు మానరు. ఫోనులో ‘పుట్ ఆఫ్’ వస్తూనే ఉంది. పైగా తాను వాడని మాట కావడంతో దాని మీద ఆమె అనుమానం మరింత పెరిగి, ప్రతి ఫోను తర్వాతా పక్క కొట్టుకు పరుగెత్తడం యథాతథంగా సాగింది. అందుకని ఈ ఏర్పాటును రాతకు మాత్రమే ఉంచి, వినికిడికి వేరే దారి వెతకవలసి వచ్చింది.

మూడో ప్రయత్నంలో ‘ఆఫ్’ అనే ముక్క విడిగా ఏం చెబుతుందో చూపించాను. ఒకదాని నుంచి విడివడటం, ఎడంగా పోవడం దాని ప్రధాన భావం. బస్సు ‘గెట్ ఆఫ్’ అయితే మనిషి బస్సు నుంచి విడివడతాడు. విమానం ‘టేక్ ఆఫ్’ అయితే నేల నుంచి విడివడుతుంది. స్విచ్ ‘ఆఫ్’ అయితే కరెంటు దారి తెగుతుంది. పనిని ‘పుట్ ఆఫ్’ చేస్తే దాన్ని ఈ రోజు నుంచి తీసి ఎడంగా ఇంకో రోజు దగ్గర పెడతాం. వివరణ ఆమెకు నచ్చింది, నాకూ చెప్పడానికి హాయిగా ఉంది. ఇంగ్లీషు బోధించేవారికి ఇలాంటి వివరణల మీద కాస్త మోజు ఎక్కువ. కాని అవతలి మనిషి ఫోనులో మాట్లాడుతుండగా విమానం దగ్గర మొదలుపెట్టి సరుకు దాకా ఆలోచించుకునే వ్యవధి ఎక్కడుంది? సావకాశంగా కూర్చున్నప్పుడు సరిగ్గా చెప్పేది. పనిలో పాత అర్థమే ముందు తగిలేది. బొమ్మ సరైనదే, ఆమె దాన్ని అందుకునే దారి చాలా పొడవు.

పనిచేసినది

ఇంతవరకు చేసినవన్నీ పాత అర్థాన్ని పక్కకు నెట్టే ప్రయత్నాలే. పోని అర్థంతో పోట్లాడే బదులు దానికి ఒక హద్దు గీస్తే సరిపోతుందేమో అనిపించింది. ఆమె అడిగిన ప్రశ్ననే తిరిగి తీసుకున్నాను: లైటుకూ సరుకు రవాణాకూ తేడా ఏమిటి? ఆమె కాసేపు ఆలోచించి, లైటుకు మీట ఉంటుందంది. మరి రవాణాకు ఏముంటుందంటే, తేదీ ఉంటుందంది. ఆ రెండు మాటలతోనే నియమం తయారైంది. ‘పుట్ ఆఫ్’ వినగానే దాని కర్మ పదం వైపు చూడాలి. దానికి మీట ఉంటే ఆర్పడం. తేదీ ఉంటే ఆ తేదీని తర్వాత వచ్చే ఇంకో రోజుకు మార్చడం. ఫ్యాను, మోటారు, టీవీ ఒక వైపు. మీటింగు, ప్రయాణం, చెల్లింపు, డెలివరీ, పెళ్లి ఇంకో వైపు. పాత అర్థం అబద్ధమని ఎక్కడా చెప్పలేదు కాబట్టి దాన్ని మరిచిపోవలసిన పని ఆమెకు లేకపోయింది.

ఈ నియమం విడిగా నిలిచి ఉండేదని అనుకోను. దానికి బలం ఇచ్చింది ఒడియా. తెలుగులో దొరకని ఒక్క మాట ఆమె చదువు భాషలో సిద్ధంగా ఉంది. ఒడియా పత్రికల్లో పరీక్ష వాయిదా పడితే ‘పరీఖ్యా ఘుంచిలా’ అని శీర్షిక వస్తుంది. రద్దయితే ‘బాతిల్’ అని వస్తుంది. ‘ఘుంచిబా’ అంటే మామూలుగా ఉన్నచోటి నుంచి ఎడంగా జరగడం. ‘ఆఫ్’ గురించి నేను విమానంతో మొదలుపెట్టి చెప్పిన భావం ఆ ఒక్క క్రియలో ఉంది, పైగా కార్యం పూర్తి చేయడమనే రెండో అర్థం దానికి అంటుకుని లేదు. ఉద్యోగ ప్రకటనల కోసం ఆ శీర్షికలను ఆత్రంగా చూసిన మనిషికి ఘుంచడానికీ బాతిల్ కావడానికీ మధ్య తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఒకటి చూస్తే చదువు కొనసాగిస్తుంది, ఇంకొకటి చూస్తే దరఖాస్తు రుసుము ఎప్పుడు తిరిగొస్తుందని ఆరా తీస్తుంది.

అందుకని తెలుగు అర్థాల పట్టికను పూర్తిగా తీసేశాం. ఒడియా పత్రికల్లోని శీర్షికలను చీటీల మీద రాసి, ఘుంచినవి ‘పుట్ ఆఫ్’ వైపు, బాతిల్ అయినవి ‘కాల్ ఆఫ్’ వైపు పేర్చమన్నాను. తర్వాత అదే పని ఆమె ఫోనులోని పాత సందేశాలతో చేయించాను. తెలుగు మాతృభాషగా గల మనిషికి ఇంగ్లీషు నేర్పడానికి ఒడియాను వాడటం కొందరికి వింతగా తోచవచ్చు. మాతృభాష అంటే పుట్టుకతో వచ్చినదని లెక్క వేసుకుంటే వింతే. ఏ భాషలో ఏ పని చేశారన్నది లెక్కవేస్తే మాత్రం తేదీలు, ప్రకటనలు, రద్దులు ఈమె జీవితంలో ఒడియాలోనే నడిచాయి. సరిహద్దు జిల్లాల్లో పాఠం చెప్పేవాడికి ఇది అదనంగా దొరికిన సాధనం.

రాతకు ఒక చట్రం పెట్టాం. ‘పుట్ ఆఫ్’ రాస్తే కొత్త తేదీ లేకుండా వాక్యం ముగించకూడదు: ‘ప్లీజ్ పుట్ ఆఫ్ ది డెలివరీ టిల్ ది ట్వెల్త్’. తేదీ తెలియకపోతే ఆ క్రియ వాడకుండా, తేదీ తర్వాత చెబుతామని విడిగా రాయాలి. కారణం సులభం: ‘టిల్’ తర్వాత తేదీ ఉంటే అవతలివారికి రద్దు అనే అనుమానం రాదు, రాసే మనిషికీ తాను రద్దు కోరుతున్నదీ లేనిదీ అక్కడే బయటపడుతుంది. రెండో సంఘటనలోని సందేశాన్ని ఈ చట్రంలో తిరగరాయమంటే ఆమె ‘టిల్’ దగ్గర ఆగిపోయి నవ్వింది. ఏ తేదీ వరకు? ఆ ఆర్డరుకు తేదీయే లేదు, అక్కర్లేనిది కదా! అక్కడ ‘క్యాన్సిల్’ తప్ప మరో మాట ఇమడదని తనంతట తానే చెప్పింది.

వినికిడిలో ఇంకో చిక్కు మిగిలింది. పుస్తకంలో రెండు పదాలుగా కనిపించేది ఫోనులో ఒకటిగా వస్తుంది. మధ్యలో ‘ఇట్’ చేరితే ‘పుటిటాఫ్’ అని వినిపించి, అందులో తాను నేర్చుకున్న క్రియ ఉన్నట్టే ఆమెకు తట్టేది కాదు. ఇక్కడ వ్యాకరణమూ ఉచ్చారణా కలిపి చెప్పవలసి వచ్చింది. నామవాచకమైతే రెండు చోట్లా ఇముడుతుంది: ‘పుట్ ఆఫ్ ది మీటింగ్’ అనవచ్చు, ‘పుట్ ది మీటింగ్ ఆఫ్’ అనవచ్చు. సర్వనామమైతే మధ్యలోనే రావాలి. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరు. అలా మధ్యలో వచ్చినప్పుడు ‘ఇట్’ తేలిపోయి, ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది. చివరి ముక్క మీద చెవి నిలపమని చెప్పి, వేగంగా మాట్లాడి వినిపించాను. వాక్యం అర్థం చెప్పనక్కర్లేదు, చివర గట్టిగా వచ్చిన ముక్క ‘ఆఫ్’, ‘ఆన్’, ‘అప్’లలో ఏదో చెబితే చాలు. ఈ చిన్న అభ్యాసం ఇచ్చిన ఫలితం సుదీర్ఘ వివరణలేవీ ఇవ్వలేదు. ‘పుట్’ భూతకాలంలోనూ మారదు కాబట్టి ‘వుయ్ పుట్ ఇట్ ఆఫ్’ అన్నది ఇప్పటికే జరిగినదా, ఎప్పుడూ జరిగేదా అన్నది సందర్భమే చెప్పాలి. ఆమె దీన్ని సులువుగానే పట్టుకుంది. రాతలో ‘ఆఫ్’ (off)ను ఒకే ఎఫ్‌తో (of) రాసే తప్పు కూడా ఉండేది. ఆ రెండు మాటలూ మన ఉచ్చారణలో ఒకటే కావడం దానికి మూలం, చూపించాక పోయింది.

తెలుగు పూర్తిగా అక్కరకు రాలేదనుకోవద్దు. ‘పుట్ ఆఫ్’ తర్వాత ఇంకో క్రియ వస్తే అది ‘ఇంగ్’తో ముగియాలి: ‘షి పుట్ ఆఫ్ గోయింగ్’ అనాలి గాని ‘టు గో’ అనకూడదు. బడిలో ‘టు’ అలవాటైనవారికి ఇది గుర్తుండదు. తెలుగులో మాత్రం ‘వెళ్లడం తర్వాతకి పెట్టుకుంది’ అంటామే తప్ప ‘వెళ్లడానికి తర్వాతకి పెట్టుకుంది’ అనం. ‘వెళ్లడం’ వచ్చేచోట ‘గోయింగ్’ అని ఆమెకు చెప్పగానే విషయం తేలిపోయింది. రేపటికి నెట్టవద్దని చెప్పే పాత ఇంగ్లీషు సామెత ‘నెవర్ పుట్ ఆఫ్ టిల్ టుమారో’ అని మొదలవుతుంది. అందులో ‘పుట్ ఆఫ్’, ‘టిల్’ రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి చట్రానికి గుర్తుగా దాన్ని ఆమె నోటుపుస్తకం అట్ట మీద రాసుకుంది.

మూడో అర్థం

ఇక్కడితో కేసు ముగిసిందని భావిస్తున్న సమయంలో కొత్త అర్థం ఎదురైంది. ఒక కొనుగోలుదారు ధర గురించి మాట్లాడుతూ ‘ది ప్రైస్ పుట్ మి ఆఫ్’ అన్నాడు. నియమం ప్రకారం ఆమె కర్మ పదం వైపు చూసింది. అది మనిషి, మీట లేదు, తేదీ లేదు. అయినా తేదీ వైపే మొగ్గి, మళ్లీ ఎప్పుడు కొంటారని అడిగింది. ఆయన కొనే ఉద్దేశమే లేదన్నాడు.

ఈసారి ఆమె భయపడకుండా, ‘మనిషిని ఎక్కడికి ఘుంచారు మాస్టారూ’ అని అడిగింది. ప్రశ్న సరైన చోటే తగిలింది. ఇక్కడ ఎడంగా జరిగినది మనిషే. ధర చూసి వెనకాడాడు, వాసన చూసి తినబుద్ధి కాలేదు, అతని మాట తీరు చూసి మనసు విరిగింది: తెలుగులో సందర్భాన్ని బట్టి ఇన్ని విధాలుగా చెప్పేదాన్ని ఇంగ్లీషులో ఆ ఒక్క క్రియతో చెబుతారు. పని చేసుకుంటున్న మనిషి ఏకాగ్రత చెడగొట్టడానికీ అదే వాడతారు. మీట, తేదీలకు తోడు మనిషి అనే మూడో వైపు చేరింది. ‘పుట్ ఆఫ్ బై’ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరమని చెప్పాను: ‘బై టూ డేస్’ అంటే రెండు రోజులు ఆలస్యం, ‘బై ది ప్రైస్’ అంటే ధర చూసి వెనక్కి తగ్గడం. ఈ మూడో అర్థాన్ని మొదటి రోజే చెప్పి ఉండవలసిందా అని ఒక తోటి ఉపాధ్యాయుడు అడిగాడు. మూడూ ఒకేసారి ఇస్తే అది మళ్లీ పట్టికే అవుతుంది. అవసరం ఎదురైనప్పుడు చేరిన అర్థం దాని సందర్భంతో సహా నిలుస్తుంది.

ప్రస్తుత స్థితి, గమనించినవి

ఆమె ఇప్పుడు పక్క కొట్టుకు వెళ్లడం లేదు. ‘పుట్ ఆఫ్’ వినపడగానే ‘టిల్ వెన్?’ అని అడగడం అలవాటు చేసుకుంది. నా లెక్కలో ఇది అర్థం తెలియడం కంటే విలువైనది. ఎందుకంటే అవతలి మనిషి కూడా మనలాగే దీపం ఆర్పే అర్థంతో పెరిగినవాడై ఉండవచ్చు, మాటను అతనే తప్పుగా వాడి ఉండవచ్చు. ఆ ప్రశ్నకు తేదీ జవాబుగా వస్తే సరుకు ఉన్నట్టు, తేదీ రాకపోతే ఇంకా అడగాలి. తేదీ ముందుకు తెచ్చుకోవలసి వస్తే ఆమె ‘ప్రీపోన్’ అనే రాస్తుంది. ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనే ప్రయోగం ఉందని చెప్పాను గాని మార్చమని పట్టుపట్టలేదు. ఆమె ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఈ దేశంలోనివారితోనే, వారందరికీ ఆ మాట తెలుసు. తేదీని తర్వాతకి మార్చడానికే వాడే ‘పుట్ బ్యాక్’ ఎదురైతే ఇప్పటికీ తడబడుతుంది. దాన్ని కదిలించకుండా ఉంచాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి ఉన్నాయి. కొత్తగా వచ్చినవారికి పరీక్ష పెట్టే ముందు వాళ్లు పనిలో పంపిన సందేశాలు, వాళ్లకు వచ్చిన సందేశాలు రెండూ చూపమంటున్నాను. ఒకే మాట రెండు వైపులా ఒకేలా తప్పుతుంటే, దాని అర్థం చెప్పే ముందు ఆ మాట వాళ్లు మొదట ఎక్కడ విన్నారో అడుగుతాను. జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నది కూడా రాసుకుంటాను. తప్పు జవాబు తడుముకోకుండా వస్తే అది కొత్తగా నేర్పవలసిన మాట కాదని తెలుస్తుంది. అర్థం ఇవ్వవలసి వస్తే ఆ విషయం వారి జీవితంలో ఏ భాషలో నడిచిందో కనుక్కుని ఆ భాషలోనే ఇస్తున్నాను. గుణుపురం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థికి ఈ మధ్య ‘టర్న్ డౌన్’ దగ్గర ఇలాంటి చిక్కే కనిపించింది. టీవీ శబ్దం తగ్గించడమనే అర్థం ఒక్కటే తెలిసినందువల్ల, తన దరఖాస్తును తిరస్కరించారన్న ఉత్తరాన్ని జీతం తగ్గించి ఉద్యోగం ఇస్తామన్నట్టు చదువుకున్నాడు. అతనితో శబ్దం ఉన్నవి, జవాబు కోరేవి అని రెండు వైపులుగా చీటీలు పేర్చడం మొదలుపెట్టాం.